ల్యాప్‌టాప్ స్లో అయి హార్డ్‌డిస్క్ ఎర్రర్లు వస్తుంటే ఫార్మాట్ చేయించొద్దు, ముందు ఫైళ్లు బయటికి తీయండి

మేడం, ముందు ఆ ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసేయండి. ఇది ఫోన్‌లో చదువుకోవచ్చు.

మీరు చెప్పింది ఇదీ: వైజాగ్ గోపాలపట్నంలో ఇంటి దగ్గర ట్యూషన్లు చెబుతారు, 2018లో కొన్న ల్యాప్‌టాప్, 1 టీబీ హార్డ్‌డిస్క్, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రావడానికి పావుగంట పడుతోంది, ఫోల్డర్ తెరిస్తే తెల్లగా అలాగే నిలిచిపోతోంది, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తోంది, మధ్యమధ్యలో హార్డ్‌డిస్క్‌లో సమస్య ఉంది బ్యాకప్ తీసుకోండి అని విండోస్ మెసేజ్ వస్తోంది. ఒక షాపులో చూపిస్తే "వైరస్ మేడం, ఫార్మాట్ కొట్టి విండోస్ వేసేస్తే కొత్తదానిలా అయిపోద్ది" అన్నారు. లోపల పిల్లల క్వశ్చన్ పేపర్లు, నాన్నగారి పెన్షన్ కాగితాల స్కాన్లు, మీ అమ్మాయి చిన్నప్పటి ఫొటోలు ఉన్నాయి, వేరే ఎక్కడా కాపీ లేదు. ఫార్మాట్ చేయించాలా అని అడిగారు.

వద్దు. ఈ పరిస్థితిలో ఫార్మాట్ అన్న మాటే ఎత్తకూడదు. డిస్క్ పోతోంది, దాని దగ్గర మిగిలిన కొద్దిపాటి ఓపికని మీ ఫైళ్లు బయటికి తీయడానికే వాడాలి. రిపేరు, స్పీడు, కొత్త విండోస్ అన్నీ ఆ తర్వాతే.

అసలు స్లో ఎందుకవుతుందో తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమవుతుంది. హార్డ్‌డిస్క్‌లో డేటా సెక్టార్లనే చిన్న ముక్కలుగా ఉంటుంది, ఇప్పటి డిస్కుల్లో చాలావాటిలో ఒక్కో ముక్క 4096 బైట్లు, ప్రతి ముక్క వెంట చదివేటప్పుడు వచ్చే తప్పుల్ని సరిదిద్దడానికి కొంత అదనపు కోడ్ కూడా రాసి ఉంటుంది. ఆ కోడ్‌తో కూడా సరిదిద్దలేకపోతే డిస్క్ వెంటనే చేతులెత్తేయదు. డేటా చదివే హెడ్‌ని కాస్త అటూ ఇటూ జరిపి అదే చోటు మళ్లీ మళ్లీ చదివి చూస్తుంది, ల్యాప్‌టాప్ డిస్కులైతే ఒక్క సెక్టార్ మీదే చాలా సెకన్లు కూర్చుంటాయి. అంతసేపూ విండోస్ జవాబు కోసం ఎదురుచూస్తూ ఆగిపోతుంది, చివరికి డిస్క్ కుదరదన్నా ఊరుకోకుండా తన వంతుగా ఇంకోసారి అడుగుతుంది. మీకు కనిపిస్తున్న తెల్ల ఫోల్డర్, తిరుగుతూ ఉండే ఆ గుండ్రం, రెండూ ఇదే. దీనికీ వైరస్‌కీ సంబంధం లేదు.

డిస్క్ 100 శాతం అని చూపించినంత మాత్రాన డిస్క్ పోయినట్టు కాదు, ఆ మాట కూడా చెప్పాలి. 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో విండోస్ అప్‌డేట్ నడుస్తున్నా, యాంటీవైరస్ స్కాన్ చేస్తున్నా 100 కొడుతుంది. తేడా తెలియాలంటే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లోకి వెళ్లి డిస్క్ మీద నొక్కి ఆ గ్రాఫ్ కింద ఉన్న అంకెలు చూడాలి. 100 శాతంతో పాటు రీడ్ స్పీడ్ కూడా సెకనుకి పదుల ఎంబీల్లో ఉంటే డిస్క్ కష్టపడి పని చేస్తోందని అర్థం. 100 శాతం ఉండి స్పీడ్ దగ్గర సున్నా, లేదా కొన్ని కేబీలు మాత్రమే కనిపిస్తూ, యావరేజ్ రెస్పాన్స్ టైమ్ అన్నచోట వేల మిల్లీసెకన్లు ఉంటే అది చదవలేక కొట్టుకుంటోంది. ఆరోగ్యంగా ఉన్న ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్ మామూలు పనిలో పది ఇరవై మిల్లీసెకన్లలో జవాబిస్తుంది, బాగా బిజీగా ఉంటే వందల్లోకి వెళ్లొచ్చు, వేలల్లో అలాగే నిలబడి ఉండడం మాత్రం మామూలు సంగతి కాదు. మీకు విండోస్ హెచ్చరిక కూడా వచ్చింది కాబట్టి ఇది చూడటం కోసమని మళ్లీ ఆన్ చేయొద్దు. వేరేవాళ్లు చదివితే పనికొస్తుందని రాశాను.

ఇప్పుడు ఫార్మాట్ సంగతి. షాపువాళ్లు ఫార్మాట్ చేస్తే నిజంగానే కొన్నాళ్లు బాగున్నట్టు కనిపిస్తుంది, అందుకే ఈ సలహా ఊళ్లో ఇంత చెలామణీలో ఉంది. డిస్క్ ఒక సెక్టార్ చదవలేకపోతే దాన్ని పెండింగ్ లిస్టులో పెట్టుకుంటుంది. అదే చోట కొత్తగా ఏదైనా రాసినప్పుడు, రాత సరిగ్గా పడితే లిస్టులోంచి తీసేస్తుంది, పడకపోతే ఆ సెక్టార్‌ని పక్కన పెట్టి తన దగ్గర అదనంగా దాచుకున్న స్పేర్ సెక్టార్‌ని దాని స్థానంలో వాడుతుంది. ఫుల్ ఫార్మాట్ అంటే మొత్తం డిస్క్ మీద సున్నాలు రాసేయడమే, దాంతో పెండింగ్ లిస్టు ఖాళీ అయిపోతుంది, ల్యాప్‌టాప్ చకచకా నడుస్తుంది, మీ అమ్మాయి ఫొటోలు మాత్రం ఏ లోకంలో వెతికినా దొరకవు. పైగా డిస్క్ లోపల అరుగుతున్నది అరుగుతూనే ఉంటుంది. 2007లో గూగుల్ వాళ్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కుల మీద చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. మొదటి స్కాన్ ఎర్రర్ (డిస్క్ తనను తాను పరీక్షించుకునేటప్పుడు దొరికే తప్పు) కనిపించిన డిస్క్, ఏ ఎర్రరూ లేని డిస్క్‌తో పోలిస్తే వచ్చే 60 రోజుల్లో చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువ అని అందులో తేలింది. అలాంటి డిస్క్ మీద కొత్త విండోస్ వేసి డబ్బులు తీసుకోవడం నాకు న్యాయంగా అనిపించదు.

ఇదే కోవలో ఇంకోటి చెక్‌డిస్క్, విండోస్‌లోనే ఉండే డిస్క్ తనిఖీ కమాండ్. ఇంటర్నెట్‌లో వెతికితే మొదట వచ్చే సలహా ఇదే, స్లాష్ ఆర్ పెట్టి రన్ చేయండి అని. అది చేసే పని ఏంటంటే డిస్క్ మొత్తాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి, చదవలేని చోట్లని పాడైనవని గుర్తు పెట్టి, ఫైళ్ల పట్టికలో తేడాలుంటే తనకు తోచినట్టు సర్దేస్తుంది. దాని దృష్టి అంతా పట్టిక సరిగ్గా ఉండడం మీదే, మీ ఫైలు లోపల ఏముందన్నది దానికి పట్టదు. పోతున్న డిస్క్ మీద రాత్రంతా అది నడిస్తే తెల్లారేసరికి ఫొటోల ఫోల్డర్ మాయమై, ఫౌండ్.000 అనే ఫోల్డర్‌లో పేర్లు లేని ముక్కలు మిగిలిన సందర్భాలు చూశాను. మీది ఆన్ చేసినప్పుడు నల్ల స్క్రీన్ మీద స్కానింగ్ అండ్ రిపేరింగ్ డ్రైవ్ అని తనంతట తానే మొదలెట్టే ప్రమాదం కూడా ఉంది, స్కాన్ ఆపాలంటే ఏదైనా కీ నొక్కండి అని కొన్ని సెకన్లు టైమ్ ఇస్తుంది, వెంటనే నొక్కేయండి. డీఫ్రాగ్, ఫుల్ వైరస్ స్కాన్, స్పీడ్ పెంచుతామనే క్లీనర్ సాఫ్ట్‌వేర్లు, వీటి జోలికీ వెళ్లొద్దు, అన్నీ డిస్క్‌ని ఊరికే తిప్పేవే.

సరే, ఫైళ్లు ఎలా తీయాలి. ముందు ఒక కాగితం తీసుకుని అందులో మాత్రమే ఉన్నవి ఏవో రాసుకోండి. క్వశ్చన్ పేపర్లలో సగం మీరు జిరాక్స్ షాపుకి మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో పంపే ఉంటారు, మెయిల్‌లో సెంట్ ఫోల్డర్ వెతకండి. పెన్షన్ కాగితాలు ఒరిజినల్స్ బీరువాలో ఉంటే మళ్లీ స్కాన్ చేసుకోవచ్చు. సినిమాలు, సాఫ్ట్‌వేర్లు వదిలేయండి. ఇలా తీసేస్తూ పోతే చివరికి ఫొటోలూ ఇంకో రెండు మూడు ఫోల్డర్లూ మిగులుతాయి. పోతున్న డిస్క్ దగ్గర మొత్తం కావాలని పట్టుబడితే అసలైనవి దొరక్కముందే అది ఆగిపోవచ్చు, అందుకే ఈ కాగితం ముఖ్యం.

తర్వాత ఆ ల్యాప్‌టాప్‌ని విండోస్‌తో ఆన్ చేయకుండా ఉండటం మంచిది. విండోస్ మొదలైందంటే మనం ఏమీ చేయకపోయినా వెనకాల అప్‌డేట్లు దించుకుంటుంది, ఇండెక్సింగ్ చేస్తుంది, ర్యామ్ చాలక అదే డిస్క్ మీద రాసుకుంటుంది. దానికి బదులు వేరే కంప్యూటర్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు (విండోస్‌కి బదులు వాడే ఉచిత లైనక్స్ సిస్టమ్) వేసుకుని, ల్యాప్‌టాప్‌ని ఆ పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసి, ట్రై ఉబుంటు అన్నది ఎంచుకుంటే డిస్క్ మీద ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే ఫైళ్లు కనిపిస్తాయి. ఇన్‌స్టాల్ అన్న బటన్ మాత్రం పొరపాటున కూడా నొక్కొద్దు. పక్కన ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టుకుని కాగితం మీద రాసిన వరసలో, చిన్నవీ ముఖ్యమైనవీ ముందు, కాపీ చేసుకుంటూ పోండి. ఒక ఫైలు దగ్గర ఆగిపోతే దాన్ని వదిలేసి తర్వాతదానికి వెళ్లండి, దానితో పోట్లాడొద్దు.

విండోస్‌లోనే చేయక తప్పకపోతే ముందు వైఫై ఆపేయండి, అప్పుడు కనీసం అప్‌డేట్లు మొదలవ్వవు. మామూలుగా లాగి వదిలే కాపీ ఒక పాడైన ఫైలు దగ్గర మొత్తం ఆగిపోతుంది కాబట్టి విండోస్‌లోనే ఉండే రోబోకాపీ కమాండ్ వాడండి, కానీ దానికి ఆర్ (మళ్లీ ఎన్నిసార్లు ప్రయత్నించాలి) విలువ 1, డబ్ల్యూ (మధ్యలో ఎన్ని సెకన్లు ఆగాలి) విలువ 1 అని చెప్పడం మర్చిపోవద్దు. చెప్పకపోతే అది చదవలేని ప్రతి ఫైలునీ 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, దాని డిఫాల్ట్ అంతే. ఆ ఒక్క ఫైలు దగ్గరే డిస్క్ ప్రాణం పోతుంది.

ఫొటోల ఫోల్డర్ పెద్దది, మధ్యమధ్యలో ఆగుతోంది, డిస్క్ రానురాను మొండికేస్తోంది అనిపిస్తే ఫైళ్ల కాపీ ఆపేసి డీడీరెస్క్యూ వైపు వెళ్లాలి. నాకు ఈ పనిలో అన్నిటికన్నా నమ్మకమైన సాధనం ఇది, ఉచితం, లైనక్స్‌లో నడుస్తుంది. దాని తెలివి ఎక్కడుందంటే, సులువుగా చదవగలిగిన భాగాలన్నీ ముందు తీసేసుకుంటుంది, ఇబ్బంది పెట్టిన చోట ఆగకుండా దాటి ముందుకెళ్లిపోతుంది, చివర్లో మాత్రమే వెనక్కొచ్చి ఆ కష్టమైన చోట్లని ప్రయత్నిస్తుంది. ఏది చదివిందో ఏది మిగిలిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా, డిస్క్ వేడెక్కిందని మీరే ఆపినా, మళ్లీ ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. మొదటిసారి ఎన్ ఆప్షన్‌తో నడిపితే బాగున్న భాగమంతా వచ్చేస్తుంది, రెండోసారి డీ, ఆర్3 పెట్టి మిగిలినవి చూసుకోవచ్చు. మీ 1 టీబీ డిస్క్‌కి కనీసం అంతకన్నా పెద్ద ఖాళీ డిస్క్ కావాలి. ఒకటే జాగ్రత్త, కమాండ్‌లో ముందు పాత డిస్క్ పేరు, తర్వాత కొత్త డిస్క్ పేరు రావాలి. తారుమారైతే ఖాళీ డిస్క్ తీసుకొచ్చి మీ ఫొటోల మీద రాసేస్తుంది. చేతికి అలవాటు లేకపోతే లైనక్స్ తెలిసిన పిల్లలెవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి, మధురవాడ, రుషికొండ వైపు ఇంజనీరింగ్ పిల్లలకి కొదవ లేదు, మీ పాత స్టూడెంట్లే ఉంటారు. డిలీట్ అయినవి వెతకడం, ఫొటో రికవరీ లాంటివి ఏమున్నా ఆ తీసిన కాపీ మీద చేయాలి, పాత డిస్క్ మీద కాదు.

డిస్క్ విప్పి వేరే కంప్యూటర్‌కి తగిలించేటప్పుడు రెండు విషయాలు. ఒకటి, విండోస్ "ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అని అడగొచ్చు, క్యాన్సిల్ కొట్టండి, ఎన్నిసార్లు అడిగినా అంతే. రెండు, బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, అప్పుడు 48 అంకెల రికవరీ కీ లేకపోతే డిస్క్ బయట ఎక్కడా తెరుచుకోదు. ఫోన్‌లోనే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీ ఉందేమో చూసి, ఉంటే కాగితం మీద రాసి పెట్టుకోండి. షాపుకి ఇచ్చేటప్పుడు కూడా ఇది దగ్గర ఉండాలి.

ఒకవేళ డిస్క్ లోంచి టక్ టక్ అని ఒకే లయలో శబ్దం వస్తుంటే పైన చెప్పినవేవీ చేయొద్దు. అది హెడ్‌కి సంబంధించిన సమస్య కావొచ్చు, తిరిగిన కొద్దీ డేటా ఉండే ప్లేటు మీద గీతలు పడతాయి, గీత పడ్డ చోట డేటాని ఎవ్వరూ తేలేరు. ఆపేసి, క్లీన్‌రూమ్ (దుమ్ము లేని గది) ఉన్న డేటా రికవరీ ల్యాబ్‌కే నేరుగా పంపాలి, ఖర్చు బాగానే అవుతుంది, ఆ ఫొటోలకి అంత విలువ ఉందా లేదా అన్నది మీరే తేల్చుకోవాలి. షాపులో టేబుల్ మీద మూత విప్పి చూస్తామంటే ఒప్పుకోకండి. ఫ్రీజర్‌లో పెడితే పని చేస్తుందని ఎవరో ఒకరు చెబుతారు, అది అస్సలు వద్దు. మన వైజాగ్ గాలిలో ఉండే తేమకి ఫ్రీజర్‌లోంచి తీసిన వస్తువు మీద నిమిషంలో నీళ్లు పడతాయి, ఆ తడి డిస్క్ లోపలా బోర్డు మీదా పడితే ఉన్న కాస్త ఆశా పోతుంది.

ఫైళ్లన్నీ బయటికొచ్చాక, అప్పుడు తీరిగ్గా డిస్క్‌ని పరీక్షించొచ్చు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న సాఫ్ట్‌వేర్, ఇన్‌స్టాల్ అవసరం లేని జిప్ వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తెరవండి. డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు అందులో కనిపిస్తాయి, వాటిని స్మార్ట్ అంటారు. 05 అన్న వరస పక్కన పెట్టేసిన సెక్టార్లది, సీ5 పెండింగ్‌లో ఉన్నవి, సీ6 ఎంత ప్రయత్నించినా సరిదిద్దలేకపోయినవి. అంకెలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది, ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, రా వాల్యూస్‌లోకి వెళ్లి 10 డెసిమల్ ఎంచుకుంటే మనకు అర్థమయ్యేలా మారుతుంది. సీ5, సీ6 సున్నా కాకపోతే ఆ డిస్క్ మీద ముఖ్యమైనదేదీ ఇక పెట్టకూడదు. పైన నీలం రంగులో గుడ్ అని ఉన్నా పూర్తిగా నమ్మేయకండి, అదే గూగుల్ అధ్యయనంలో చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా ముఖ్యమైన స్మార్ట్ సంకేతాలేవీ చూపించకుండానే పోయాయి.

సీ7 మాత్రం వేరే కథ. అది డిస్క్‌కీ బోర్డుకీ మధ్య డేటా దారిలో పాడైన సందర్భాల లెక్క. 05, సీ5, సీ6 మూడూ సున్నా ఉండి సీ7 ఒక్కటే రోజురోజుకీ పెరుగుతుంటే తప్పు ఎక్కువగా కేబుల్‌దో కనెక్టర్‌దో అవుతుంది, ల్యాప్‌టాప్‌లలో పట్టీలా పల్చగా ఉండే ఆ కేబుల్ వదులైనా చాలు. లాసన్స్ బే, పెదవాల్తేరు, బీచ్ రోడ్ వైపు ఇళ్ల నుంచి వచ్చే మెషీన్లలో ఇది ముందు చూస్తాను, ఉప్పుగాలికి స్క్రూలే తుప్పు పట్టి తిరగవు, కాంటాక్టులు మెరుపు పోయి మసకబారి ఉంటాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కేబుల్ గట్టిగా కూర్చోబెడితే కొన్ని డిస్కులు ఏ ఖర్చూ లేకుండా బాగుపడతాయి. సీ7 అంకె మాత్రం తగ్గదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి. మీ కేసులో ఇదే అయితే నాకూ సంతోషమే, కానీ హెచ్చరిక దాకా వచ్చింది కాబట్టి ఆ ఆశ పెట్టుకోవడం లేదు.

కొత్త డిస్క్ ఏది కొనాలి అంటే ఎస్‌ఎస్‌డీ (తిరిగే ప్లేట్లు లేకుండా చిప్‌లలో డేటా దాచే డిస్క్), ఇంకో ఆలోచన వద్దు. మీది మామూలు 2.5 అంగుళాల సాటా (డిస్క్‌ని బోర్డుకి కలిపే కనెక్షన్ రకం) డిస్క్ అయ్యుంటుంది, అదే సైజు సాటా ఎస్‌ఎస్‌డీ నేరుగా దాని స్థానంలో కూర్చుంటుంది. పాతది 9.5 మిల్లీమీటర్ల మందం, కొత్తది 7 అయితే కదలకుండా పక్కన చిన్న ఫ్రేమ్ పెట్టమనండి. 500 జీబీ తీసుకుంటే మీ పనికి సరిపోతుంది, దాంతోపాటు ర్యామ్ 8 జీబీ చేయించండి, ఎందుకంటే 4 జీబీతో విండోస్ ఎప్పుడూ డిస్క్‌నే ర్యామ్‌లా వాడుకుంటూ ఉంటుంది. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మీ ప్రాసెసర్ ఇంటెల్ 8వ తరందో ఆ పైదో అయి, టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) ఉంటే 11 వేయించండి. 7వ తరమైతే అది అధికారికంగా ఎక్కదు, అప్పుడు ఉబుంటు ఆలోచించవచ్చు, క్వశ్చన్ పేపర్లకి వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రాఫీస్ బాగానే పనికొస్తుంది.

ద్వారకానగర్ షాపులకి వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్ పూర్తిగా షట్‌డౌన్ చేసి తీసుకెళ్లండి. స్లీప్‌లో పెట్టి బ్యాగులో వేసుకుంటే దారిలో మేలుకుని డిస్క్ తిరగడం మొదలెడుతుంది, ఎన్‌ఏడీ జంక్షన్ దాటి సిటీలోకి వచ్చేసరికి బండి మీద ఎన్ని కుదుపులో మీకు తెలియనిది కాదు. జాబ్ షీట్ మీద "డేటా కావాలి, ఫార్మాట్ చేయకూడదు, పాత డిస్క్ తిరిగి ఇవ్వాలి" అని వాళ్ల చేతే రాయించుకోండి. నోటిమాటగా చెబితే కౌంటర్ దగ్గర విన్న మనిషి వేరు, లోపల స్క్రూలు విప్పే మనిషి వేరు. పాత డిస్క్ ఎక్స్ఛేంజ్ అన్నా ఇవ్వకండి, చదవగలిగే చోట్లలో మీ నాన్నగారి కాగితాలు ఇంకా ఉంటాయి.

ఎస్‌ఎస్‌డీ వేశాక కూడా రెండో కాపీ ఉండాల్సిందే. హార్డ్‌డిస్క్ కొన్నిసార్లయినా ఇలా స్లో అయి ముందే చెబుతుంది, ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు ఏమీ చెప్పకుండా ఒక పొద్దున అసలు కనిపించడమే మానేస్తుంది. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒక కాపీ, గూగుల్ డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీలో పేపర్లూ పెన్షన్ కాగితాలూ పెట్టండి. ఆ ఎక్స్‌టర్నల్ డిస్క్ కూడా ల్యాప్‌టాప్ ఉన్న టేబుల్ మీదే పెట్టొద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి వాన ఇళ్లలోకి కొట్టింది కదా, ఒకే గదిలో ఉంటే రెండూ కలిసే తడుస్తాయి. అమ్మగారింట్లోనో అక్క వాళ్లింట్లోనో ఉంచి నెలకోసారి తెచ్చుకుని కొత్తవి వేసుకోండి.

ఇప్పటికి నాకు చెప్పాల్సినవి రెండే: ఆన్ చేసినప్పుడు డిస్క్ నుంచి శబ్దం ఏమైనా వచ్చిందా, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో బిట్‌లాకర్ కీ కనిపించిందా. శబ్దం లేదంటే ఉబుంటు పెన్‌డ్రైవ్ తయారు చేయించి మొదలెట్టండి, ఎక్కడైనా ఆగితే ఆ స్క్రీన్ ఫొటో తీసి పెట్టండి, తర్వాత ఏం చేయాలో చెబుతాను.